జీడిపప్పు పడని పలాస కుర్రాడిని: రెండేళ్ల వైద్యం తర్వాత రాస్తున్నాను

ఉద్దానం_కుర్రాడు
ఏప్రిల్ 19, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర ఓ పల్లె. నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చూస్తారు. అమ్మ నేను పుట్టకముందు నుంచీ జీడిపప్పు పొట్టు తీసే పీలింగు పనికి వెళ్తోంది. ఎకరంన్నర జీడితోట ఉంది. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు జీడిపప్పు పడదు. పడదంటే కాస్త దురద పెట్టి తగ్గిపోవడం కాదు, ప్రాణం మీదికి వచ్చే రకం.

ఈ పొద్దున టిఫిను తిన్నాక మా అరుగు మీద కూర్చుని రెండు జీడిపప్పు గుండ్లు నమిలి మింగాను. పదహారు నెలలుగా రోజూ తింటున్నాను. ఈ మాట ఇక్కడ రాయగలుగుతానని నాలుగేళ్ల క్రితం అనుకోలేదు.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మొన్న మా వీధిలో మూడేళ్ల బాబుకి కొత్త జీడిపప్పు కూర తిన్న పది నిమిషాలకి పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. వాడు దగ్గుతూంటే చుట్టూ చేరినవాళ్లు మజ్జిగ పట్టించారు. ఒకరు దిష్టి తీశారు. నేను వెళ్లేసరికి అరగంట అయిపోయింది. బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాం, బాగానే ఉన్నాడు. కానీ ఆ అరగంట తలుచుకుంటే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నా చిన్నప్పుడూ సరిగ్గా ఇలాగే జరిగిందట.

నాకు రెండేళ్లప్పుడు పరమాన్నంలో వేసిన పలుకు ఒకటి నోట్లోకి వెళ్లింది. వెంటనే వాంతులు. "పిల్లాడికి నెయ్యి అరగలేదు" అనుకున్నారు. రెండోసారి ఉప్మాలో. మూడోసారి ఏమీ తినలేదు, అమ్మ పీలింగు నుంచి వచ్చి ఆ చేత్తోనే నా మూతి తుడిచింది. ఆ రోజే అమ్మకి అర్థమైంది. అప్పటి నుంచి ఫ్యాక్టరీ నుంచి రాగానే నూతి దగ్గరే స్నానం చేసి, చీర మార్చుకుని, అప్పుడు లోపలికి వచ్చేది. నాన్న చొక్కా పెరట్లో తీగ మీదే ఉండేది. బడి నుంచి నేను పరుగెత్తుకుంటూ వెళ్తే అమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేది. నాకు బాగా గుర్తున్న బాల్యం అదే.

పెళ్లిళ్లకి నా అన్నం క్యారేజీలో వెంట వచ్చేది. గుళ్లో చక్రపొంగలి చేతిలో పెడితే కళ్లకద్దుకుని పక్కవాళ్లకిచ్చేవాణ్ణి. ఎవరు తిరుపతి వెళ్లొచ్చినా లడ్డూ మా ఇంట్లోకి రాకూడదు. విశాఖలో ఇంజనీరింగు చదివేటప్పుడు స్నేహితులతో హోటలుకి వెళ్తే ఉత్త ఇడ్లీ తినేవాణ్ణి, ఎందుకంటే కూరల గ్రేవీలన్నిటిలోనూ జీడిపప్పు ముద్దే.

ఎవరికైనా ఇలాంటి పిల్లలుంటే అడగండి. నాకు తెలిసింది దాచుకోకుండా చెప్తాను.

---

నాగావళి_ఒడ్డు
ఏప్రిల్ 19, రాత్రి 10:03

తమ్ముడూ, చదువుతూంటే చేతులు వణికాయి. మాది శ్రీకాకుళం టౌను. మా బాబుకి నాలుగేళ్లు. వాడికి వేరుశెనగ పడదు. చట్నీలో, పులిహోరలో, చిక్కీలో, ఎక్కడ చూసినా అదే. అంగన్‌వాడీకి పంపడం మానేశాను, అక్కడ పల్లీ చిక్కీ ఇస్తారని. మా అత్తగారు "కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది" అంటారు. నువ్వు చేసింది అదేనా? అయితే నేను ఇన్నాళ్లూ తప్పు చేశానా?

---

మందస_మాస్టారు
ఏప్రిల్ 20, ఉదయం 6:20

బాబూ, నేను ముప్పై నాలుగేళ్లు బళ్లలో పాఠాలు చెప్పాను. మా కాలంలో ఇన్ని ఎలర్జీలు లేవు. మట్టిలో ఆడేవాళ్లం, తోటలో దొరికింది తినేవాళ్లం. ఇప్పటి పిల్లల్ని అతి సుకుమారంగా పెంచడం వల్ల కాదు కదా ఇదంతా? నొప్పించాలని కాదు, తెలుసుకుందామని అడుగుతున్నాను.

---

ఉద్దానం_కుర్రాడు
ఏప్రిల్ 20, ఉదయం 8:45

మాస్టారూ, నొప్పేమీ లేదు. నేనూ మట్టిలోనే పెరిగాను. జీడిచెట్లెక్కి పిక్కలు దులిపిన కుటుంబం మాది.

తిత్లీ నాటి సంగతి చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుఫాను మా వజ్రపుకొత్తూరు తీరం మీదే దాటింది కదా. అప్పుడు నాకు పదిహేడేళ్లు. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు మొదళ్లతో సహా పడిపోయాయి, మా జీడితోట నేలకి ఒరిగిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పొయ్యి వెలిగించడానికి ఇంట్లో పొడి పుల్ల లేదు. మర్నాడు సాయంత్రం ఓ లారీలో ఆహారం పొట్లాలు వచ్చాయి. ఒకటిన్నర రోజు ఆకలి. చీకట్లో పొట్లం విప్పి రెండు ముద్దలు తిన్నాను. అందులో జీడిపప్పు ఉందని పంటి కింద పడ్డాక తెలిసింది. ఉమ్మేశాను, అయినా సగం లోపలికి పోయింది.

అయిదు నిమిషాల్లో అరచేతులు మండాయి. తర్వాత గొంతు ఎవరో పట్టుకుని బిగించినట్టయింది. "నాన్నా, నేను చచ్చిపోతున్నాను" అన్నానట, నాకు గుర్తులేదు. నాన్న నన్ను భుజానేసుకున్నారు. రోడ్డు నిండా చెట్లు. ఒక్కో చెట్టు దగ్గరా నన్ను అవతలివాళ్ల చేతికి అందించి, తను దూకి, మళ్లీ ఎత్తుకున్నారు. పెద్ద రోడ్డెక్కాక ఓ ట్రాక్టరు దొరికింది.

ఆసుపత్రిలో (పేరు రాయను) అవిల్ ఇంజక్షనూ, స్టెరాయిడూ ఇచ్చి పడుకోబెట్టారు. "తగ్గిపోతుంది" అన్నారు. తగ్గలేదు, బీపీ పడిపోయింది. గంట తర్వాత డ్యూటీ మారి వచ్చిన డాక్టరు గారు నన్ను చూసిన మరుక్షణం తొడకి అడ్రినలిన్ ఇచ్చారు. అయిదారు నిమిషాల్లో ఊపిరి వచ్చింది. ఆయన అప్పుడు నాన్నతో అన్న మాట: "ఈ మందు ముందే పడాలి. అవిల్ దురద తగ్గిస్తుంది, ప్రాణం నిలబెట్టదు."

మాస్టారూ, సుకుమారంగా పెరిగినవాళ్లని ఆ రాత్రి ఎవరూ అలా చెట్ల మీంచి అందించుకుంటూ మొయ్యరు.

---

తెల్లకోటు_విజయనగరం
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 2:30

నేను పిల్లల డాక్టర్ని. ఎలర్జీ స్పెషలిస్టుని కాను, కానీ ఇలాంటి కేసులు చూస్తాను.

మాస్టారి ప్రశ్నకి ముందు. ఇది సుకుమారానికి సంబంధించింది కాదు. మన ఒంట్లో ఐజీఈ అనే యాంటీబాడీ ఉంటుంది. ఫలానా ఆహారంలోని ప్రోటీను శత్రువని ఒకసారి పొరపాటుగా గుర్తుపెట్టుకుంటే, మళ్లీ అది లోపలికి రాగానే మాస్ట్ కణాలనే రక్షణ కణాల నుంచి హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. దద్దుర్లు, వాపు, వాంతులు, ఆయాసం, బీపీ పడిపోవడం, అన్నీ వాటి పనే. తీవ్రంగా వస్తే అనాఫిలాక్సిస్ అంటాం. 1902లో ఈ పేరు పెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రిషేకి 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఇది ఈ తరంలో పుట్టిన జబ్బు కాదు.

నాగావళి గారూ, మీరు తప్పు చేయలేదు. మీ అత్తగారి మాటలో ఓ నిజం ఉంది, కానీ అది మీ బాబుకి వర్తించే నిజం కాదు. 2015లో లండన్ వైద్యుల బృందం ఒకటి, ఎలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న 640 మంది పసిబిడ్డలతో చేసిన అధ్యయనం ప్రచురించింది. నాలుగు నుంచి పదకొండు నెలల వయసులోనే వేరుశెనగ మొదలుపెట్టిన పిల్లల్లో అయిదేళ్లకి ఎలర్జీ ఉన్నవాళ్లు నూటికి సుమారు ముగ్గురు. దూరంగా ఉంచిన పిల్లల్లో నూటికి సుమారు పదిహేడు మంది. అది ఎలర్జీ *రాకముందు* చేసే పని. ఒకసారి వచ్చాక ఇంట్లో "కొంచెం కొంచెం" పెట్టడం నిప్పుతో చెలగాటం. ఈ తమ్ముడు చేయించుకున్నది ఓరల్ ఇమ్యునోథెరపీ, అంటే పడని ఆహారాన్నే పిసరంత నుంచి పెంచుకుంటూ ఒంటికి అలవాటు చేసే వైద్యం. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. ఇందులో మిల్లీగ్రాముల లెక్క ఉంటుంది, పక్కన డాక్టరుంటాడు, మందు చేతిలో ఉంటుంది.

ఈ ఆలోచనా కొత్తది కాదు. 1908లోనే ఓ ఇంగ్లీషు డాక్టరు, గుడ్డు పడని పదమూడేళ్ల పిల్లవాడికి గుడ్డులో పదివేలవ వంతుతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ నయం చేసినట్టు లాన్సెట్ పత్రికలో రాశాడు. వందేళ్ల పైబడ్డాక, 2020 జనవరిలో, వేరుశెనగ ఎలర్జీకి తొలి నోటి మందుని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది.

---

చీపురుపల్లి_99
ఏప్రిల్ 20, రాత్రి 8:11

బ్రో, నాకు రొయ్యలు పడవు. తింటే పెదాలు ఉబ్బుతాయి, ఒకసారి ఆయాసం కూడా వచ్చింది. నువ్వు రోజుకి ఎంతతో మొదలెట్టావో చెప్తే, ఆ లెక్కన ఎండురొయ్య పొడి చేసుకుని నేనూ ట్రై చేస్తాను. చేపలవేట ఊళ్లోకి నన్ను అల్లుడిగా ఇస్తున్నారు, జూన్‌లో పెళ్లి. సీరియస్‌గా అడుగుతున్నాను.

---

తెల్లకోటు_విజయనగరం
ఏప్రిల్ 20, రాత్రి 8:19

వద్దు బాబూ. ఆ పొడి చేయకండి. ఒకసారి ఆయాసం వచ్చినవారికి రెండోసారి ఎంత తీవ్రంగా వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. రొయ్యల్లో ఎలర్జీ తెచ్చే ముఖ్యమైన ప్రోటీను ట్రోపోమయోసిన్. అది ఉడికించినా, ఎండబెట్టినా చెడదు. పీతల్లోనూ అదే ఉంటుంది. చేపల్లో తేడా చేసేది వేరే ప్రోటీను, అందుకే రొయ్య పడని చాలామందికి చేప పడుతుంది. మీకు పడుతుందో లేదో పరీక్ష చేయించుకుని తెలుసుకోండి. అత్తవారింటికి ఈ సంగతి పెళ్లికి ముందే చెప్పండి.

---

ఉద్దానం_కుర్రాడు
ఏప్రిల్ 20, రాత్రి 11:40

అన్నా, డాక్టరమ్మ గారు చెప్పాక నేను అంకెలు ఇస్తే తప్పు. కానీ వైద్యం ఎలా సాగిందో మొత్తం రాస్తాను. చదివాక ఇది ఇంట్లో ఎందుకు కుదరదో నీకే తెలుస్తుంది.

2022లో బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఎలర్జీ డాక్టరు ఒకాయన దగ్గరికి వెళ్లాను. చేతి మీద చుక్కలు వేసి గుచ్చే పరీక్ష చేశారు. జీడిపప్పు చుక్క దగ్గర రూపాయి బిళ్లంత లేచింది. పిస్తా చుక్క దగ్గరా లేచింది. రెండూ ఒకే కుటుంబం అట, ఒకటి పడనివాళ్లలో ఎక్కువమందికి రెండోదీ పడదట. రక్తపరీక్ష సరేసరి. చివరికి ఆసుపత్రిలోనే నరానికి సూది పెట్టి ఉంచి, జీడిపప్పు పొడి పిసరంత నుంచి పెంచుకుంటూ తినిపించారు. నాలుగో మోతాదుకే వాంతి, దద్దుర్లు. నా హద్దు ఎక్కడుందో అలా తేలింది.

ఆయన నన్ను కూర్చోబెట్టి మూడు మాటలు చెప్పారు. ఇది జబ్బుని పీకి పారేసే మందు కాదు, ఒంటి హద్దుని పెంచే సాధన. దారిలో రియాక్షన్లు తప్పవు, ఒక్కోసారి పెద్దవీ రావచ్చు. మొదలుపెట్టాక మానేస్తే వచ్చిన రక్షణ కూడా పోవచ్చు. "నెల రోజులు ఆలోచించుకుని రా" అన్నారు. నేను ఇంటికి ఫోను చేస్తే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ డాక్టరు పక్కన కూకుంటాడా నువ్వు తిన్నంతసేపూ?" అని అడిగారు. కూర్చుంటారు అన్నాను. "అయితే ఎల్లు" అన్నారు.

2023 జనవరిలో మొదలైంది. మొదటిరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆసుపత్రి మంచం మీదే. తూకం వేసిన పొడిని అరటిపండు గుజ్జులో కలిపి ఇచ్చారు, కంటికి కనిపించనంత. నోట్లో పెట్టుకోవడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. ఇరవై ఏళ్లు విషమని పారిపోయిన వస్తువుని నా చేత్తో నేనే నోట్లో పెట్టుకోవాలి. నర్సమ్మ తొందరపెట్టలేదు, పక్కనే నిలబడింది.

తర్వాత రోజూ ఇంట్లో అదే మోతాదు. రెండు వారాలకొకసారి ఆసుపత్రిలో పెంచడం, పెంచిన రోజు రెండు గంటలు అక్కడే ఉండడం. ఖాళీ కడుపున తీసుకోకూడదు. తీసుకున్నాక రెండు గంటలు పరుగు, ఆటలు, వేడినీళ్ల స్నానం ఉండకూడదు. మందు వేసుకుని వెంటనే పడుకోకూడదు. జ్వరం వస్తే డాక్టరుకి ఫోను చేయకుండా వేసుకోకూడదు. నొప్పి మాత్రలు అడగకుండా మింగకూడదు. మొదటి మూడు నెలలూ నోరంతా దురద, కడుపునొప్పి. ఆఫీసులో మీటింగు మధ్యలో లేచి వెళ్లిపోయిన రోజులున్నాయి.

అయిదో నెలలో తప్పు చేశాను. సాయంత్రం డోసు వేసుకుని, మర్చిపోయి, స్నేహితులతో షటిల్ ఆడాను. నలభై నిమిషాలకి తిత్లీ నాటి గొంతు బిగింపు మళ్లీ వచ్చింది. గుర్తుపట్టాను. సంచిలో అడ్రినలిన్ సిరంజి ఉంది, ఎలా వేసుకోవాలో నేర్పించారు, ప్యాంటు మీంచే తొడకి వేసుకుని నేల మీద పడుకున్నాను. రూమ్మేటు 108కి ఫోను చేశాడు. రాత్రంతా ఆసుపత్రిలో ఉంచారు, ఎందుకంటే తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చు. ఆ తర్వాత డోసు రెండు మెట్లు కిందికి దింపారు. మానేద్దామని వారం రోజులు ఏడ్చాను. ఆగస్టులో డెంగీ వచ్చి ఇంకో రెండు వారాలు ఆగింది.

ఆ ఏడాది డిసెంబరులో ఆసుపత్రిలో చివరి పరీక్ష. ఒక్కొక్కటిగా పది గుండ్లు తిన్నాను. ఏమీ కాలేదు. డాక్టరు గారు గడియారం చూస్తూ రెండు గంటలు నాతోనే కూర్చున్నారు.

అన్నా, ఇందులో ఏ భాగం నువ్వు ఒక్కడివే చీపురుపల్లిలో చేయగలవో చెప్పు.

---

చీపురుపల్లి_99
ఏప్రిల్ 21, ఉదయం 7:02

మానుకున్నాను బ్రో. వైజాగ్‌లో చూపించుకుంటాను. మావయ్యకి కూడా ఇవాళ ఫోన్ చేసి చెప్పేస్తాను.

---

పీలింగ్_సెక్షన్
ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:15

బాబూ, నాను కాశీబుగ్గలో పనికెల్తాను. మా పాప టైపు సేస్తంది. మీ అమ్మ సేతులు ఎనక్కి పెట్టుకున్నాదని సదివినప్పుడు మా సెక్షన్లో అందరం ఏడిసినాం. మాదొక అనుమానం. కటింగు కాడ పన్సేసినప్పుడు నా సేతులు మండిపోయి, తోలు ఊడిపోయి నల్లగయిపోయేవి. అప్పుడు నాకూ ఈ ఎలర్జీ ఉన్నట్టేనా? నాను పప్పు తింటే ఏటీ అవ్వదు.

---

తెల్లకోటు_విజయనగరం
ఏప్రిల్ 21, సాయంత్రం 4:50

అమ్మా, చాలా మంచి ప్రశ్న. అది వేరు, ఇది వేరు. పిక్క పెంకులో ఉండే జీడినూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే ఘాటైన పదార్థాలున్నాయి. అవి చర్మాన్ని కాలుస్తాయి, కొందరికి తగిలిన చోట రోజు రెండు రోజుల తర్వాత పొక్కులు తెస్తాయి. అది ప్రాణం మీదికి వచ్చే రకం కాదు, కానీ బాధ బాధే. గ్లవ్స్ అడగండి, అది మీ హక్కు. ఈ తమ్ముడిది పప్పులోని ప్రోటీను వల్ల వచ్చేది. మీరు పప్పు తిని బాగున్నారంటే మీకు అది లేదు.

---

మందస_మాస్టారు
ఏప్రిల్ 21, రాత్రి 9:30

రెండు రోజులుగా ఈ చర్చ చదువుతూ ఒక విషయం రాయాలా వద్దా అని తటపటాయించాను.

మొన్న "మా కాలంలో లేవు" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎనభైల్లో నేను సముద్రం పక్క ఊళ్లో పనిచేస్తున్నప్పుడు ఆరో తరగతి పిల్లవాడు ఒకడు ఉండేవాడు. లెక్కల్లో చురుకు. ఓ ఆదివారం చుట్టాలింట్లో పీతల కూరతో అన్నం తిన్నాడు. ఒళ్లంతా ఎర్రగా లేచి, గొంతులో గురక వచ్చి, గంటలో పోయాడు. "పురుగు ముట్టింది" అన్నారు. చెప్పులు విడిచి శవాన్ని చూసి వచ్చాను. కాలి మీద కాటు లేదని వాళ్ల అమ్మ పదే పదే చెప్పింది. మేమెవ్వరం పట్టించుకోలేదు. అంతకు ముందోసారి వాడు బళ్లో కూడా, పిల్లలు తెచ్చిన ఎండురొయ్యలు తిని వాంతి చేసుకుని పడుకున్నాడు. నేనే బెంచీ మీద పడుకోబెట్టాను.

లేవని కాదు, మాకు పేరు తెలియలేదు. అంతే.

---

ఉద్దానం_కుర్రాడు
ఏప్రిల్ 21, రాత్రి 9:58

మాస్టారూ. మీరు రాసినందుకు మీ కాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

---

నాగావళి_ఒడ్డు
ఏప్రిల్ 22, ఉదయం 10:20

మాస్టారి పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు, చట్నీ మిక్సీ జారుని వేరే అరలో పెట్టారు.

తమ్ముడూ, రెండు ప్రశ్నలు. ఖర్చు ఎంతయింది? వైద్యం అయ్యాక నీ బతుకులో నిజంగా ఏం మారింది?

---

ఉద్దానం_కుర్రాడు
ఏప్రిల్ 22, రాత్రి 10:35

అక్కా, పరీక్షలు, ఆసుపత్రి రోజులు, సెలవులు పెట్టి పోగొట్టుకున్న జీతం అన్నీ కలిపితే లక్షన్నర దాటింది. ఆసుపత్రిలో చేరిన వైద్యం కాదని ఇన్సూరెన్సు వాళ్లు చాలావరకు ఇవ్వలేదు. మా ఊళ్లో ఉండి చేయించుకోవడం అయితే అయ్యేపని కాదు, రెండు వారాలకోసారి అంత దూరం ఎవరు వెళ్లగలరు? ఇలాంటి వైద్యం ఉత్తరాంధ్రలోని పెద్దాసుపత్రుల్లో పేదవాళ్లకి అందే రోజు రావాలని నా కోరిక.

ఏం మారిందంటే, నేను జీడిపప్పు ఇష్టంగా తినేవాణ్ణి అయిపోలేదు. నాలుక మీద పడగానే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ప్యాకెట్ల మీద రాసింది ఇప్పటికీ చదువుతాను, సిరంజి ఇప్పటికీ సంచిలోనే ఉంది. కానీ కూరలో తెలియకుండా ఒక పలుకు వస్తే చచ్చిపోను. ఆ ఒక్క ధైర్యంతో మనిషి ఎంత తేలికవుతాడో మాటల్లో చెప్పలేను.

రోజువారీ డోసు పొడి నుంచి గుండ్లకి మారినప్పుడు, ఏ సైజువి తినాలో డాక్టరు రాసిస్తే నాన్నకి చదివి వినిపించాను. నాన్న వెంటనే లెక్క చెప్పారు. "320 గ్రేడంటే పౌనుకి 320 గుండ్లు. పౌను 454 గ్రాములు. గుండు గ్రామున్నరకి కొంచెం తక్కువ తూగుతాది." డాక్టరు గారి లెక్కలో జీడిపప్పులో నూటికి పద్దెనిమిది వంతులు ప్రోటీను, అంటే గుండుకి పావు గ్రాము. ఇద్దరి లెక్కా సరిపోయింది. ముప్పై ఏళ్లు ఎగుమతి కోసం గుండ్లు ఏరిన మనిషి, కళ్లజోడు పెట్టుకుని నా కోసం ఒకే తూకమున్నవి ఏరి, నెలకి అరవై చొప్పున డబ్బాలో పోసి పంపిస్తారు. డాక్టరు గారు వాటిని తూచి చూసి, "మీ నాన్నగారి చెయ్యి నా త్రాసు కంటే నయం" అన్నారు.

2024 సంక్రాంతికి ఇంటికొచ్చాను. అమ్మ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. అలవాటు ప్రకారం నూతి వైపు నడుస్తూంటే ఎదురెళ్లి రెండు చేతులూ పట్టుకున్నాను. వేళ్ల సందుల్లో పొట్టు ఇంకా అంటుకునే ఉంది. అమ్మ లాక్కోబోయింది, నేను వదల్లేదు. చాలాసేపు అలాగే నిలబడ్డాం.

---

పీలింగ్_సెక్షన్
ఏప్రిల్ 23, ఉదయం 6:10

సల్లగుండు బాబూ.

---

తెల్లకోటు_విజయనగరం
ఏప్రిల్ 23, మధ్యాహ్నం 3:00

నాగావళి గారూ, అందరికీ ఇదే దారి అని కాదు. కొందరికి ఈ వైద్యంతో అన్నవాహికలో వాపు వస్తుంది, వాళ్లు మానుకోవాల్సి వస్తుంది. ఉబ్బసం అదుపులో లేనివాళ్లకి మొదలుపెట్టకూడదు. ఇంకో మందూ వచ్చింది. ఉబ్బసానికి వాడే ఒమాలిజుమాబ్ ఇంజక్షన్‌ని 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఆహార ఎలర్జీలకి కూడా ఆమోదించారు. పరీక్షలో ఆ మందు తీసుకున్నవాళ్లలో నూటికి 67 మంది 600 మిల్లీగ్రాముల వేరుశెనగ ప్రోటీనుని, అంటే సుమారు రెండు మూడు గింజల్ని తట్టుకోగలిగారు. మందు లేని ఉత్త సూది వేయించుకున్నవాళ్లలో నూటికి ఏడుగురే. ఖరీదు ఎక్కువ, వాడినన్నాళ్లే రక్షణ. మీ బాబు చిన్నవాడు, ముందు ఎలర్జీ డాక్టరుకి చూపించి ఏది సరిపోతుందో తేల్చుకోండి. అంతవరకూ మానిపించడమే వైద్యం.

---

బొబ్బిలి_మందులకొట్టు
ఏప్రిల్ 23, సాయంత్రం 7:40

మాది మందుల షాపు. విదేశాల్లో దొరికే అడ్రినలిన్ పెన్ను మా షాపులకి మామూలుగా రాదు. ఆంపూలు, అంటే మందున్న చిన్న గాజు సీసా, మాత్రం వస్తుంది, చాలా చవక. డాక్టరు చీటీ తెండి. ఎండ తగలకుండా, డబ్బాలోనే, చల్లని చోట ఉంచండి. మందు రంగు మారి గోధుమరంగులోకి వస్తే పారేయండి. గడువు తేదీ చూసుకోండి. ఈ చర్చ చదివాక ఇవాళే పది ఆంపూళ్లు ఆర్డరు పెట్టాను, ఇదివరకు ఎవరూ అడగరని ఉంచేవాణ్ణి కాదు.

---

మందస_మాస్టారు
ఏప్రిల్ 24, ఉదయం 6:05

బాబూ, రిటైరైనా మా ఊరి బడికి రోజూ వెళ్తాను. గోడ మీద అంటించడానికి, అందరికీ అర్థమయ్యే తెలుగులో, ఓ అరపేజీ రాసిపెట్టు. డాక్టరమ్మ గారు సరిచూడాలి. పెద్ద అక్షరాల్లో నేనే రాస్తాను, నా చేతిరాత బాగుంటుంది.

---

ఉద్దానం_కుర్రాడు
ఏప్రిల్ 24, రాత్రి 10:10

రాశాను మాస్టారూ.

"ఏదైనా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు పెదాలు, కళ్లు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, దానితో పాటు ఆయాసం, గొంతు బిగింపు, ఆగని వాంతులు, కళ్లు తిరగడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది ప్రమాదం. మజ్జిగ, పసరు, నీళ్లు పట్టించవద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచండి. ఆయాసపడుతుంటే కూర్చోనివ్వండి. వాంతి అవుతుంటే పక్కకి తిప్పండి. లేపి నడిపించవద్దు. డాక్టరు ఇచ్చిన అడ్రినలిన్ ఉంటే ముందు అది తొడకి వేసి, 108కి ఫోను చేయండి. లేకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి 'తిన్నది పడలేదు, ఊపిరి ఆడటం లేదు, అడ్రినలిన్ ఇవ్వండి' అని చెప్పండి. తగ్గినా వెంటనే ఇంటికి తీసుకురావద్దు."

---

తెల్లకోటు_విజయనగరం
ఏప్రిల్ 24, రాత్రి 10:42

బాగుంది. ఒకటి చేర్చండి: దద్దుర్లు లేకుండా కూడా ఇది రావచ్చు. పడదని తెలిసిన ఆహారం తిన్నాక ఒక్క ఆయాసమే వచ్చినా ప్రమాదంగానే చూడాలి. అడ్రినలిన్ వేశాక అయిదు నిమిషాలకీ తగ్గకపోతే రెండో మోతాదు వేయవచ్చు. మోతాదు పిల్లల బరువుని బట్టి ఉంటుంది, అది మీ డాక్టరు రాసిచ్చిన ప్రకారమే.

---

నాగావళి_ఒడ్డు
ఏప్రిల్ 24, రాత్రి 11:05

ఎలర్జీ డాక్టరు గారి అపాయింట్‌మెంటు వచ్చే గురువారం దొరికింది. అత్తగారూ వస్తామన్నారు. తొడ అంటే లోపలివైపా, బయటివైపా?

---

తెల్లకోటు_విజయనగరం
ఏప్రిల్ 24, రాత్రి 11:09

బయటివైపు, తుంటికీ మోకాలికీ సరిగ్గా మధ్యలో. బట్ట మీంచి వేసినా పర్వాలేదు. గురువారం నాడు సిరంజితో ఎలా వేయాలో మీ ఇద్దరూ ఆయన ముందే ఒకసారి చేసి చూపించి రండి.